కొత్తవాడు పంపిన సవరణ

టైపిస్టమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె టైపులో తప్పు పట్టినవాడు పుట్టలేదు. ప్లీడరుగారి ఆఫీసులో ఆమె కొట్టిన కాగితాన్ని కోర్టుకి పంపేముందు ఎవరూ రెండోసారి చదివేవారు కాదు. అలాంటి మనిషి రిటైరై, జుట్టు నెరిశాక, వంటగది పక్క గదిలో కూర్చుని కొట్టిన పట్టుమని పాతిక వరుసలు "అంచులు సరిగ్గా లేవు" అన్న మాటతో తిరిగొచ్చాయి. తిప్పి పంపినవాడు పరాయివాడైతే సరిపెట్టుకునేది. వాడు ఆమె చేతి ముద్దలు తిని పెరిగిన మరిది.

నిజానికి ఆ కంప్యూటర్ ప్రోగ్రాము వరుసలు ఆమెవి కావు, ఆమె భర్తవి. ఆయన బడిలో లెక్కలు చెప్పేవారు. ఇంటా బయటా అందరికీ మాస్టారే. ఉద్యోగం వదిలిన కొన్నాళ్ళకే నరాల జబ్బు పట్టుకుంది. ముందు కుడిచెయ్యి పడిపోయింది, దాని వెనకే ఎడమది. తర్వాత మాట పోతుందనీ, ఆ తర్వాత మింగడం, ఆఖరికి ఊపిరనీ డాక్టరు దాచకుండా చెప్పాడు. చేతులు పోయాక మాస్టారు మంచం మీంచి నోటితో చెబుతుంటే ఆమె కొట్టేది.

"బ్రాకెట్ తెరువు. అది కాదు, వంకరది."

"అన్నీ వంకరవే కదండీ!"

"మీసంలా ఉంటుంది చూడు, అది."

ఆమె మీసాన్ని వెతికి కొట్టేది. కొట్టిన దాంట్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కోర్టు కాగితాలు మాత్రం ఏం అర్థమయ్యేవి గనక!

ఆ పాతిక వరుసల కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. అత్తమామలు పోయాక ఆ మరిది, చిన్నోడు, వీళ్ళింటికి వచ్చేనాటికి వాడికింకా మీసాలైనా రాలేదు. అన్నదమ్ములిద్దరికీ వయసులో తండ్రీకొడుకులంత తేడా. అదే రోజుల్లో ప్లీడరుగారి ఆఫీసులో ఓ పాత కంప్యూటర్ని చెత్తలో పడేస్తుంటే టైపిస్టమ్మ అడిగి ఇంటికి తెచ్చుకుంది. మాస్టారు దాంట్లో ఉన్నదంతా తుడిచేసి, కంప్యూటర్ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. "దీనికి డబ్బక్కర్లేదు, తాళం లేదు. లోపలేముందో చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికీ పంచొచ్చు" అని ఆయన మురిసిపోతుంటే ఆమెకి నమ్మకం కుదరలేదు.

"ఊరికే ఇస్తున్నారంటే ఎక్కడో ఏదో మెలిక ఉండే ఉంటుందండీ" అంది.

మెలికేమీ లేదు. ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, తలో ముక్కా రాసి పెట్టిన సరుకు అది. ఆ మాట చిన్నోడికి బాగా నచ్చింది. మనమూ ఓ ముక్క పెడదామన్నాడు.

పెట్టారు. ఏటా బడి తెరిచేముందు టైమ్‌టేబుల్ వేసే పని హెడ్మాస్టరు తెచ్చి మాస్టారి మెడకి చుట్టేవాడు. ఒకే టీచరు ఒకే పీరియడ్‌లో రెండు క్లాసుల్లో ఉండకూడదు, ఆటల పీరియడ్ మిట్టమధ్యాహ్నం పడకూడదు, సైన్సు గది ఒక్కటే ఉంది. ఒకచోట సర్దితే ఇంకోచోట ఊడేది. ఆ పనిని కంప్యూటరే చేసేలా అన్నదమ్ములు కూర్చుని ప్రోగ్రాము రాశారు. రాసి ఇంటర్నెట్‌లో అందరికీ ఊరికే పెట్టారు. పేరైనా వినని ఊళ్ళ బళ్ళు దాన్ని వాడుకుని దండాలు రాశాయి. వాటిని మాస్టారు భోజనాల దగ్గర పైకి చదివి వినిపించేవారు. ఆ ఇంట్లో పిల్లలు పుట్టలేదన్న దిగులు ఆ రోజుల్లోనే కాస్త వెనక్కి తగ్గింది.

తర్వాత చిన్నోడి చదువైపోయింది, వేరే ఊళ్ళో ఉద్యోగమైంది. ప్రోగ్రాముని మొదట్నించీ కొత్తగా రాద్దామన్నాడు. మాస్టారు వద్దన్నారు. కొత్త రాత పాత మిషన్ల మీద ఈడ్చుకుంటూ నడుస్తుంది, మనల్ని నమ్ముకున్న బళ్ళలో ఉన్నవన్నీ పాత మిషన్లే అని ఆయన వాదన. "ఎన్నాళ్ళని డొక్కు మిషన్ల కోసం రాస్తాం అన్నయ్యా" అని వాడిది. ఫోన్లో తేలక, చిన్నోడు ఉన్న వరుసలు తీసుకుని వేరే ప్రోగ్రాము మొదలుపెట్టేశాడు. దాంతో ప్రోగ్రాము వాడేవాళ్ళంతా చదివే గ్రూపులో మాస్టారు ఓ మాట రాసేశారు, తమ్ముడు తన వరుసలు ఎత్తుకుపోయాడని. ఆ మాట తప్పని ఇద్దరికీ తెలుసు. ఎవరైనా పట్టుకుపోవడానికే కదా తాళం వెయ్యకుండా పెట్టింది! కానీ కోపం వచ్చినవాడికి అవన్నీ గుర్తుంటాయా? చిన్నోడు కూడా తక్కువ తినలేదు. అన్నయ్య రాతతోపాటు అన్నయ్య కూడా పాతబడ్డాడని అదే గ్రూపులో జవాబు రాశాడు. నోటి మాటైతే గాలికి పోయేది. ఇది ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు.

ఇల్లు పంచుకుంటే చెరి సగం వస్తుంది. ఇలాంటి ప్రోగ్రాము పంచుకుంటే ఇద్దరికీ మొత్తం వస్తుంది. అదే వచ్చిన చిక్కు. గోడ దగ్గరో, బావి దగ్గరో పోట్లాడుకోవడానికైనా మళ్ళీ ముఖాలు చూసుకోవాల్సిన పని లేదు. చిన్నోడు తన ప్రోగ్రాము తను నడుపుకున్నాడు, మాస్టారు తనది తను. ఏళ్ళు గడిచేసరికి బళ్ళన్నీ చిన్నోడి వైపు వెళ్ళిపోయి, మాస్టారిది అడిగేవాళ్ళు లేక మూలపడింది. టైపిస్టమ్మ అప్పుడప్పుడు ఫోను చేస్తే వాడు "వదినా, బాగున్నావా, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి" అని ప్రేమగానే అడిగేవాడు. అన్నయ్య ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. ఈయనా అంతే, ఫోను పెట్టేశాక "ఎవరూ" అని తెలియనట్టు అడిగేవారు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ కొంపలో ఇద్దరు రాజులూ పోయి ఇద్దరు మొండివాళ్ళు మిగిలారు.

జబ్బు సంగతి వాడికి చెప్పొద్దని మాస్టారు ఆమె చేత ఒట్టు వేయించుకున్నారు. "జబ్బు చేసిందని వచ్చేవాడు నాకొద్దు" అన్నారు.

మరేం కావాలో కొన్నాళ్ళకి తెలిసింది. చిన్నోడి ప్రోగ్రాములో లోపాలేవైనా ఉంటే ఎవరైనా రాసి పెట్టే చోటు ఒకటుంది. మాస్టారు రోజూ ఆమె చేత దాన్ని తెరిపించుకుని చదువుకునేవారు. అక్కడ ఏదో బడివాళ్ళ మొర చాలాకాలంగా పడి ఉంది. టైమ్‌టేబుల్ వెయ్యమంటే తమ పాత కంప్యూటర్ పొద్దున్నించి సాయంత్రం దాకా తిరిగి తిరిగి ఆగిపోతోందట. ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు పట్టించుకున్నారు. చిన్నోడి వరుసలన్నీ పైనించి కిందికి చూసి, జబ్బెక్కడుందో పట్టేశారు.

"చూడు, వాడు టీచర్లని పేర్ల వరసలో కూర్చోబెడుతున్నాడు. రెండు బళ్ళకి తిరిగే డ్రాయింగు మాస్టారికి వారం మొత్తంలో ఖాళీ ఉండేదే కాస్త. ఆయన వంతు ఆఖర్న వస్తే అప్పటికి చోటెక్కడుంటుంది? మళ్ళీ అందర్నీ లేపాలి, మళ్ళీ కూర్చోబెట్టాలి. ఇరుకైనవాళ్ళని ముందు కూర్చోబెట్టాలోయ్. వెసులుబాటు ఉన్నవాడు ఎక్కడైనా సర్దుకుంటాడు."

"ఈ మాటే వాడికి ఫోన్ చేసి చెప్పొచ్చుగా?"

"ఎన్నిసార్లు చెప్పలేదు! ఇప్పుడు చెప్పను. రాసి పంపుతాను."

అలా ఆ పాతిక వరుసలు పుట్టాయి. ఇలాంటి ప్రోగ్రాములకి ఎవరైనా సవరణ పంపొచ్చు. దాన్ని తీసుకోవడమో, తిప్పి పంపడమో నడిపేవాడి ఇష్టం, అంటే చిన్నోడి ఇష్టం. పంపేవాడి పేరు అడిగిన చోట మాస్టారు "కొత్తవాడు" అని పెట్టించారు.

"మీ పేరు పెడితే ఏం పోయింది?" అంది టైపిస్టమ్మ.

"పేరు చూసి తీసుకున్నాడనుకో, అది జాలి. పేరు చూసి తీసుకోలేదనుకో, అది పగ. నాకు రెండూ వద్దు. వరుసలు చూసి తీసుకోవాలి. ఒక్కటి చాలు. నేను పోయేలోపు నా చేతి ముక్క ఒక్కటి వాడి దాంట్లో చేరితే చాలు."

చేతులు లేని మనిషి నా చేతి ముక్క అనేసరికి ఆమె తిరిగి మీటల మీదికి వంగింది.

అంత ముచ్చటపడి పంపితే వచ్చిన జవాబు ఇది: "కొత్తవాడుగారూ, అంచులు సరిగ్గా లేవు. ట్యాబ్ వాడకూడదని మా నియమాల్లో మొదటి వాక్యమే ఉంది. చదవకుండా పంపితే మీ టైమూ దండగ, నా టైమూ దండగ. చదివి రండి."

తప్పు ఆమెదే. టైపు నేర్చినవాళ్ళకి వరుస కొంచెం లోపలికి జరగాలంటే చిటికెన వేలు దానంతటదే ట్యాబ్ మీటకి పోతుంది. కంటికి కనబడేది ఖాళీయే. కానీ చిన్నోడి నియమం ప్రకారం ఆ ఖాళీని స్పేస్ మీటతో నాలుగుసార్లు కొట్టి చెయ్యాలి. ఆ సంగతి మాస్టారు చెప్పడం మరిచిపోయారు, ఆమె అడగలేదు.

"టైమ్ దండగా? వీడి బట్టలుతికి, వీడికి జ్వరమొస్తే పక్కన కూర్చుని... నా టైమ్ దండగ కాలేదూ!" అని ఆమె రుసరుసలాడుతుంటే మంచం మీంచి ఏదో చప్పుడు వినబడింది. ఉక్కిరిబిక్కిరి అవుతున్నారేమోనని పరుగున వెళ్ళింది. మాస్టారు నవ్వుతున్నారు. నవ్వడానికి కూడా బలం చాలక ఆయాసపడుతూ, కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వుతున్నారు.

"అచ్చం నాలాగే తిట్టాడే! వాడు ట్యాబ్ కొడితే నేను మొట్టేవాణ్ణి. గుర్తుపెట్టుకున్నాడు వెధవ."

జబ్బు పడ్డాక ఆయన అంత సంతోషంగా ఉండటం ఆమె అదే మొదటిసారి చూడటం. ఆ సాయంత్రం ప్రతి వరుసకీ ట్యాబ్ తీసేసి, స్పేసులు కొట్టి మళ్ళీ పంపింది. చిన్నోడి మీద కోపం మాత్రం అలాగే ఉంచుకుంది.

వాడు మళ్ళీ తిప్పాడు. ఈసారి, ఇది నిజంగా పనిచేస్తుందని చూపించే పరీక్ష ఒకటి రాసి జతచెయ్యమన్నాడు. అడిగింది సబబే, కానీ అప్పటికి మాస్టారి నాలుక మందమైపోయింది. ఆయన ఒకటంటే ఆమెకి ఇంకొకటి వినబడేది. "కామానా? కోలనా?" అని అడుగుతూ పోతే సరైన దాని దగ్గర ఆయన కళ్ళు మూసి తెరిచేవారు. కంటిచూపుతో నడిచే మిషన్లు వచ్చాయని డాక్టరు చెప్పాడు గానీ, వాటిలో లోపల ఏముందో కంపెనీవాడు చూడనివ్వడని తెలిసి మాస్టారు ముఖం చిట్లించారు. చచ్చేముందు తాళం వేసిన సరుకు ముట్టుకోనని ఆయన పట్టు. దాంతో టైపిస్టమ్మే అట్టముక్క మీద అక్షరాలన్నీ వరసగా రాసి, వాటి మీద వేలు జరుపుతూ ఆయన కళ్ళలోకి చూడటం అలవాటు చేసుకుంది. ఒక్క వరుస పూర్తయ్యేసరికి పొయ్యి మీద పెట్టింది మాడిపోయేది.

డాక్టరు వచ్చి చూసినప్పుడల్లా ఆశ్చర్యపోయేవాడు. "ఈపాటికి చాలా దిగజారాలమ్మా. ఏదో పట్టుకుని ఉన్నారు" అన్నాడు ఓసారి గుమ్మం దగ్గర, చెప్పులేసుకుంటూ. ఆయన దేన్ని పట్టుకుని ఉన్నారో ఆమెకి తెలుసు. మాట డాక్టరు యథాలాపంగా అన్నాడు, కానీ అది ఆమె గుండెలో దిగబడిపోయింది.

పరీక్ష రాసి పంపారు. ఈసారి జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. టైపిస్టమ్మ మంచం పక్కన కూర్చుని పైకి చదివింది.

"కొత్తవాడుగారూ, మీ సవరణ నా దగ్గరున్న పాత మిషన్ మీద నడిపి చూశాను. రోజంతా పట్టేది టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఇరుకైనవాళ్ళని ముందు కూర్చోబెట్టమని నాకు చాలా ఏళ్ళ కిందట ఒకరు చెప్పారు. అప్పుడు నేను వినలేదు. ఇది తీసుకుంటాను. ఒక్కటే మిగిలింది. చివర మీ అసలు పేరు పెట్టి, ఈ వరుసలు నావే, ఇష్టపడే ఇస్తున్నాను అని రాయండి. మారుపేర్లతో తీసుకోను. అది ఇక్కడి నియమం."

ఆ నియమం ఎందుకు పుట్టిందో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఎత్తుకుపోయాడన్న మాట పడ్డాక చిన్నోడు పెట్టుకున్న నియమం అది. ఎవరి వరుస తీసుకున్నా, మనస్ఫూర్తిగా ఇస్తున్నానని వాళ్ళ నోటితో అనిపించుకున్నాకే తీసుకుంటున్నాడు.

"ఇంకోసారి చదవనా?" అంది. మాస్టారు కళ్ళు మూసి తెరిచారు. చదివింది. మళ్ళీ కళ్ళు మూసి తెరిచారు. అలా ఎన్నిసార్లు చదివిందో. కంటి కొసనించి నీళ్ళు చెవిలోకి కారుతుంటే ఆయన తుడుచుకోలేరు గదా, పైట చెంగుతో ఆమే తుడిచింది.

పేరు పెట్టాలా వద్దా అని ఆయన చాలా రోజులు ఊగారు. ఆమె అట్ట తెస్తే కళ్ళు పక్కకి తిప్పేసుకునేవారు. తర్వాత ఓ పొద్దున, కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చిన వేళ, ఆయనే అట్ట వైపు చూశారు. ఆమె వేలు జరిపింది. అక్షరం వెంట అక్షరం తేలింది. "పెట్టు."

ఆమె గబగబా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆయన చెప్పనక్కర్లేకుండానే రాసింది. ఈ వరుసలు నావే, ఇష్టపడే ఇస్తున్నాను. కింద భర్త పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పెళ్ళినాటినించీ నోటితో పలకని పేరు. ఇక పంపు అన్న చోట నొక్కడమే తరువాయి.

వేలు ఆగిపోయింది.

ఇది వాడికి చేరుతుంది. పేరు చూస్తాడు. ఒప్పుకుంటే ఈయన అనుకున్నది అయిపోతుంది. అయిపోతే ఇక దేన్ని పట్టుకుని ఉంటారు? ఏదో పట్టుకుని ఉన్నారన్న డాక్టరు మాట చెవిలో మోగింది. మంచం వైపు తిరిగి చూసింది. ఆయన కళ్ళు విప్పార్చుకుని ఆమెనే చూస్తున్నారు. ఎన్నో నెలలుగా ఆ మొహంలో లేని వెలుగు. ఆ వెలుగే ఆమెని భయపెట్టింది.

"పంపేశానండీ" అంది.

పంపలేదు. రేపు పంపుదాంలే అనుకుంది. ఒక్క రోజు ఎక్కువ బతికితే ఒక్క రోజు దక్కినట్టే కదా అనుకుంది. దీన్ని తప్పంటారో, ప్రేమంటారో మీ ఇష్టం. ఆ గదిలో ఆ మంచం పక్కన కూర్చున్నవాళ్ళకి తప్ప తీర్పు చెప్పడం తేలికే.

మర్నాడు కళ్ళు తెరవగానే ఆయన చూపు కంప్యూటర్ మీదికి పోయింది. వచ్చిందా అని.

"ఇంకా లేదండీ."

ఆయన అట్ట చూశారు. ఆమె వేలు జరిపింది. "పని ఎక్కువేమో." తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నారు. ఏళ్ళ తరబడి వాడి పేరెత్తితే చిటపటలాడిన మనిషి!

ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున్నే ఆ చూపు, "ఇంకా లేదండీ" అన్న ఈ మాట. అబద్ధం మొదటిసారి ఆడటమే కష్టం, ఆ పైన అదే నోటికి వస్తుంది. రేపు పంపుదామన్నది వారంలోకి జారింది, వారం వారాల్లోకి. ఆయన బతికే ఉన్నారు. ఆమె లెక్క సరిపోయిందనే అనుకుంది. మందులు గొంతులో పోస్తూ, పక్క మీద అటూ ఇటూ తిప్పుతూ, ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అని మనసులో బేరమాడుతూ గడిపింది.

ఓ రోజు ఆయన చూపు కంప్యూటర్ వైపు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. అట్ట తెచ్చి ముందు పెడితే కళ్ళు మూసుకున్నారు. ఆయనకి ఆత్రం తగ్గి మనసు కుదుటపడిందని ఆమెకి తోచింది. అబద్ధమాడే పని తప్పినందుకు తేలికపడింది కూడా. ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం, ఆమె దుప్పటి మార్చడానికి పక్క సర్దుతుండగా, మాస్టారు పోయారు.

చిన్నోడు కబురందగానే బయల్దేరి వచ్చాడు. గుమ్మంలోనే కూలబడిపోయాడు. వాడి జుట్టు కూడా నెరిసింది. వాణ్ణి లేపి లోపలికి తీసుకెళ్ళడానికి ఇరుగుపొరుగు నలుగురు కావాల్సి వచ్చింది. చెయ్యాల్సినవన్నీ వాడే చేశాడు. అన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఇద్దరూ ఆ గదిలో కూర్చున్నారు. మంచం ఖాళీగా ఉంది.

"ఇంత జబ్బు చేస్తే ఒక్క మాట చెప్పలేదేం వదినా?"

"ఒట్టు వేయించుకున్నారురా. జబ్బు చేసిందని వచ్చేవాడు వద్దన్నారు."

చిన్నోడు తల పట్టుకున్నాడు. కొంతసేపటికి, "నాతో వచ్చెయ్ వదినా. ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావ్? నువ్వే కదా నన్ను పెంచింది, నీకు నేనున్నాను" అన్నాడు. ఆమెకి ఇక ఈ లోకంలో ఉన్నదల్లా వాడే. ఆ మాట కోసమే కాచుకుని ఉందేమో, ఏడుపు ఆగలేదు.

వాడు మళ్ళీ అన్నాడు, "అన్నయ్యకి నా మీద కోపం పోనేలేదన్న మాట. నేను రాసిన దాని ముఖమైనా చూసి ఉండడు."

ఆ ఒక్క మాటా ఆమె పడనివ్వలేకపోయింది. "రోజూ చూసేవారురా. కొత్తవాడు ఆయనే" అంది.

వాడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. అట్టముక్క సంగతి, మాట పోయిన సంగతి, ట్యాబ్ కొట్టినందుకు వాడు తిడితే ఆయన నవ్విన సంగతి అన్నీ చెప్పింది. వాడు వింటూ వింటూ లేచి, గోడకి తల ఆనించి నిలబడ్డాడు.

"చేతులు లేని మనిషిని అంచులు సరిచేసుకు రమ్మన్నాను. నోరు లేని మనిషిని పేరు చెప్పమన్నాను! చెప్పలేక ఊరుకున్నాడు. పంపినవాడు చాలాకాలం పలక్కపోతే ఆ సవరణని మా దగ్గర మిషనే మూసేస్తుంది వదినా. మూసేసిందని నాకు కబురొచ్చింది. పేరు చెప్పడానికి ధైర్యం లేనివాడు పోతే పోనీ అనుకుని టీ తాగాను. నియమం, నియమం! ఎవడిక్కావాలి నా నియమం? ఒక్క పేరు దగ్గర అన్నయ్యని గుమ్మం బయట నిలబెట్టి చంపాను వదినా."

ఆమె ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు, తెలిసే దారీ లేదు. వాడు ఆ పాపం తనదనుకుని జన్మంతా మోస్తాడు, ఆమెని తన ఇంట్లో తల్లిలా చూసుకుంటాడు. అంతే కదా! కానీ వాడు గోడకి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. జ్వరంలో వాడి తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి చూసి తట్టుకోగలిగింది కాదది.

"నీ వల్ల కాదురా. ఆయన పేరు పెట్టమన్నారు."

వాడు తిరిగి చూశాడు.

"పెట్టమన్నారు. నేను రాశాను కూడా. పంపలేదు."

"ఎందుకు?"

"అదొక్కటే పట్టుకుని బతుకుతున్నారు. అయిపోతే వెళ్ళిపోతారని భయమేసింది."

వీధిలో ఎవరో తోపుడుబండి నెట్టుకుంటూ పోతున్న చప్పుడు వచ్చి వెళ్ళిపోయింది.

"అన్నయ్యకి ఏం చెప్పావు?"

"పంపేశానని."

"మరి నా జవాబు?"

"ఇంకా రాలేదని."

"అంటే..." అని వాడు ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "అంటే, తన పేరు చూశాక కూడా నేను పలకలేదని..."

మిగతా మాట వాడి నోట రాలేదు. రానక్కర్లేదు. ఆ మాట అంతవరకూ ఆమెకి తట్టనే లేదు. ఇప్పుడు తట్టింది. ఆయన చూపు కంప్యూటర్ వైపు పోకపోవడం, అట్ట తెస్తే కళ్ళు మూసుకోవడం, అవన్నీ ఏమిటో ఒక్కసారిగా అర్థమైంది.

"ఆఖర్న అడగడం మానేశారురా" అంది. "కుదుటపడ్డారనుకున్నాను. సంతోషించాను."

చిన్నోడు ఆమె వంక చూడలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు. ఎక్కడికిరా అని అడగడానికి ఆమె నోరు తెరిచింది. ఆ ఇంట్లో ఎవర్నైనా సరే ఏదైనా అడిగే హక్కు తనకి మిగల్లేదనిపించి, మూసేసుకుంది.